గొర్రెలకు పెట్టే పొడిలో రాగి (కాపర్) ఎంతుందో రాయించండి: పశుసంవర్ధక శాఖకు బహిరంగ లేఖ

తెలంగాణ పశుసంవర్ధక శాఖ సంచాలకులు గారికి, రాజేంద్రనగర్‌లోని పశువైద్య విశ్వవిద్యాలయం పెద్దలకు నమస్కారం.

హైదరాబాద్ శివారులో, ఇబ్రహీంపట్నం వైపు షెడ్డు వేసుకుని యాట పిల్లల్ని, అంటే గొర్రెపిల్లల్ని, మేపి అమ్ముకుంటున్నాను. నా యాటలు కొన్ని జియాగూడ మండీకి, కొన్ని నగరంలో తెలిసిన మటన్ షాపులకు పోతాయి. పిల్లలు తొందరగా ఎదుగుతాయని, మాంసం బాగుంటుందని చెప్పి మాకు అమ్ముతున్న పొడులు, టానిక్కుల గురించి ఈ లేఖ రాస్తున్నాను. నా కోరిక ముందే చెప్పేస్తాను. గొర్రెల కోసమని అమ్మే ప్రతి ప్యాకెట్టు మీద అందులో రాగి ఎంత ఉందో తెలుగులో, చదవగలిగే అక్షరాల్లో రాయించండి. బర్రెలకు, ఆవులకు తయారైన మిశ్రమాల మీద 'గొర్రెలకు పెట్టరాదు' అని అంతే పెద్దగా ముద్రించేలా చూడండి. ఆ అధికారం మీ చేతిలో లేకపోతే, ఉన్నవాళ్లకు మీరు రాయండి. మా మాట కన్నా మీ మాటకు అక్కడ విలువ ఎక్కువ.

ఇది నలుగురైదుగురు షెడ్డు యజమానుల గోల అనుకోవద్దు. 2019 పశుగణన ప్రకారం దేశంలో గొర్రెలు ఎక్కువున్న రాష్ట్రం మనదే. దాదాపు కోటీ తొంభై లక్షలు, అంటే దేశం మొత్తం మీద నాలుగో వంతుకు పైనే. 2017లో గొర్రెల పంపిణీ మొదలైనప్పుడు ఇరవై గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున గొల్లకురుమల ఇళ్లకు వచ్చాయి. అప్పటికీ ఇప్పటికీ తేడా ఏమిటంటే మేపే చోటు తగ్గింది. ఔటర్ రింగు రోడ్డుకు అటూ ఇటూ మా చిన్నప్పుడు మందలు తిరిగిన బీళ్లు ఇప్పుడు వెంచర్లు. రాళ్లు పాతి, రంగులు కొట్టి, గేటు పెట్టారు. మంద తోలుకుపోవడానికి దారి కూడా లేదు. అందుకే గొల్లకురుమల పిల్లలు, ఉద్యోగం మానేసి ఊరికొచ్చినవాళ్లు, అందరూ షెడ్డు పద్ధతికి మళ్లుతున్నారు. బయట తిరిగే గొర్రె తనకు కావలసిన ఆకు, కాయ, మట్టి తానే వెతుక్కుంటుంది. షెడ్డులో ఉన్న గొర్రె మనం పెట్టిందే తింటుంది. మనం తప్పు పెడితే ఆ తప్పే తింటుంది.

గత బక్రీదుకు ముందు మా బావమరిది షెడ్డులో జరిగింది చెప్తాను. మంచి పుష్టిగా పెరిగిన పొట్టేళ్లు. నాలుగు నెలలుగా దాణాలో ఒక ఖనిజ లవణాల పొడి కలుపుతున్నాడు. పాడి బర్రెల కోసం తయారైన పొడి అది. కొన్న చోట అడిగితే, "బర్రెకే పనిచేసేది గొర్రెకు పనిచేయదా బావా" అన్నారట. మండీకి తోలడానికి డీసీఎం వ్యాను ఎక్కించిన రోజు అన్నీ బాగానే ఉన్నాయి. ఎండ, కుదుపు, ఇరుకు. మర్నాటికి ఒకటి మేత ముట్టలేదు, తల వేలాడేసింది. కనురెప్ప కింద చర్మం పసుపు పచ్చగా మారింది. ఉచ్చ పోస్తే డికాషన్ రంగు. రెండు రోజుల్లో అది పోయింది, దాని వెనకే మరికొన్ని. పశువుల డాక్టరు గారు వచ్చి ఒకదాన్ని కోసి చూపించారు. కొవ్వంతా పసుపు, కార్జం కూడా అదే రంగు, మూత్రపిండాలు తుపాకీ గొట్టంలా నీలి నలుపు. "ఇది రోగం కాదు, రాగి" అన్నారాయన. అంతవరకు మా వాళ్లెవ్వరూ ఆ మాట వినలేదు. కొందరైతే ఎవరో మందు పెట్టారని అప్పటికే అనుమానాలు మొదలుపెట్టారు.

తర్వాత నేను డాక్టర్లను అడిగి, చదివి తెలుసుకున్నది ఇది. రాగి గొర్రెకు కావాలి, కానీ చాలా తక్కువ. తినే మేత, దాణా మొత్తం కలిపి కిలోకు పది మిల్లీగ్రాముల దరిదాపుల్లో ఉంటే సరిపోతుంది. ఇరవై అయిదు దాటితే ప్రమాదం. మేతలో మాలిబ్డినం అనే ఖనిజం తక్కువుంటే అంతకన్నా ముందే ప్రమాదం వస్తుంది. ఆవు, బర్రె ఎక్కువైన రాగిని చాలావరకు బయటికి పంపేస్తాయి. గొర్రెకు ఆ శక్తి తక్కువ. అది రాగిని కార్జంలో దాచుకుంటూ పోతుంది. వారాలు, నెలలు పైకి ఏమీ కనిపించదు, పైగా పొట్టేలు నిగనిగలాడుతూ ఉంటుంది. ఏదో ఒక రోజు ప్రయాణమో, ఆకలో, వాతావరణంలో మార్పో దానికి టెన్షన్ పెడుతుంది. అప్పుడు కార్జంలో ఉన్న రాగి ఒక్కసారిగా రక్తంలోకి వచ్చి ఎర్రకణాలను పగలగొడుతుంది. పసుపు రంగు, నల్లటి ఉచ్చ అందుకే. అంటే నష్టం సరిగ్గా అమ్మకం రోజున బయటపడుతుంది. మేపిన ఖర్చంతా పెట్టేశాక, డబ్బు చేతికి రావలసిన రోజున.

లెక్క వేసి చూడండి. కిలో పొడిలో 1,000 మిల్లీగ్రాముల రాగి ఉందనుకుందాం. దాన్ని దాణాలో 2 శాతం కలిపితే కిలో దాణాకు 20 మిల్లీగ్రాముల రాగి పొడి నుంచే వచ్చింది. మొక్కజొన్నలో, వేరుశనగ చెక్కలో, తవుడులో సహజంగా ఉండేది వేరే. పైన 'బలానికి' అని ఒక టానిక్కు, 'కార్జానికి' అని ఇంకొకటి. ఒక్కో సీసా విడిగా చూస్తే ఏదీ విషం కాదు. మూడూ కలిసి ఒకే గొర్రె కడుపులోకి పోతున్నాయని కూడి చూసేవాళ్లే లేరు. సెలీనియం సంగతీ అంతే. కిలో మేతకు మిల్లీగ్రాములో పదో వంతు నుంచి మూడో వంతు దాకా చాలు. లేకపోతే పిల్లల కండరాలు తెల్లబడి నిలబడలేవు, ఎక్కువైతే అదే విషం. కావలసినదానికీ చంపేదానికీ మధ్య ఇంత సన్నని గీత ఉన్నప్పుడు ప్యాకెట్టు మీద అంకె లేకపోవడం ఎంత అన్యాయమో మీరే ఆలోచించండి. కోళ్ల షెడ్లలో మిగిలిన దాణా కూడా మన రంగారెడ్డి వైపు చవకగా దొరుకుతుంది. కోళ్లకు సరిపడే రాగి, వాటికి కలిపే మందులు గొర్రె కోసం లెక్క వేసినవి కావు.

అలాగని రాగి పేరెత్తితే భయపడే పరిస్థితి కూడా రాకూడదు. రాగి బొత్తిగా లేని మందల్లో పుట్టిన పిల్లలు వెనక కాళ్లు ఈడ్చుకుంటూ ఉంటాయి. అందుకే నేనడిగేది నిషేధం కాదు. అంకె. దాంతోపాటు ఏ జిల్లా మేతలో ఏ లవణం తక్కువో చూసి, గొర్రెకని ప్రత్యేకంగా తయారుచేసిన మిశ్రమం. మన దేశంలో ఖనిజ లవణ మిశ్రమానికి ఐఎస్ 1664 అనే ప్రమాణం ఉంది. అది ఆవులు, బర్రెల దాణా కోసం రాసింది. దేశంలో నాలుగో వంతు గొర్రెలున్న రాష్ట్రం గొర్రెకు వేరే ప్రమాణం కావాలని అడిగితే కాదనేవాళ్లెవరు?

నాకు సప్లిమెంట్ల మీద కోపం లేదు. వాడతాను, వాడమని చెప్తాను. నా బాధ వాటి వరసలో ఉంది. షెడ్డు కొత్తగా వేసినవాళ్లు మొదటి రోజే సీసాల దగ్గరికి వెళ్తున్నారు. అసలు ఎదుగుదల మొదలయ్యేది ముర్రుపాల దగ్గర. పుట్టిన మొదటి గంటల్లోనే పిల్ల తాగాలి, మొదటి రోజు దాని బరువులో పదో వంతు పాలు కడుపులో పడాలి. అది తప్పితే తర్వాత ఏ టానిక్కూ పూడ్చదు. పదిహేను రోజుల వయసు నుంచి తల్లి దూరలేని చిన్న అర కట్టి, అందులో పిల్లలకు మాత్రమే దాణా పెట్టాలి. నేను వాడేది పెద్ద రహస్యమేమీ కాదు: నలభై పాళ్లు మొక్కజొన్న నూక, ముప్పై పాళ్లు వేరుశనగ చెక్క, మిగతా దాంట్లో ఎక్కువ తవుడు, కొంచెం బెల్లపు మడ్డి, గొర్రెలకు సరిపడే లవణాల పొడి, ఉప్పు. మొదట్లో పిడికెడు, తర్వాత మెల్లగా పెంచుతూ పోవాలి. పక్కన కంది పొట్టు, వేరుశనగ తీగ, హెడ్జ్ లూసర్న్ అనే పచ్చి మేత. ఈ ఏర్పాటు చేసిన ఇంట్లో మూడో నెలకు పిల్లను చేత్తో ఎత్తి చూస్తే తేడా తెలిసిపోతుంది. వెన్నుపూస మీద వేలు పెడితే ఎముక గుచ్చుకోదు.

చెక్క కొనేటప్పుడు వాసన చూడమని కూడా మీ సిబ్బంది చెప్పాలి. వానాకాలం ముక్కిన వేరుశనగ చెక్కలో, బూజు పట్టిన మొక్కజొన్నలో అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం ఉండొచ్చు, అది నేరుగా కార్జాన్ని దెబ్బ తీస్తుంది. అలాంటి చెక్క పెట్టి, దాని విరుగుడుకు 'లివర్ టానిక్' కొనే ఇళ్లు ఎన్నో. ఆ టానిక్కు డబ్బుతో మంచి చెక్క వస్తుంది.

యూరియా గురించి గట్టిగా చెప్పాల్సిన అవసరం ఉంది. పెద్ద గొర్రెకు, కడుపు అలవాటు చేసి, కొలిచి, బాగా కలిపి ఇస్తే యూరియా మాంసకృత్తుల ఖర్చు తగ్గిస్తుంది. దాణాలో 3 శాతం, మొత్తం మేతలో 1 శాతం దాటకూడదు. పొట్ట ఇంకా తయారుకాని పిల్లకు అసలు పెట్టకూడదు. నీళ్లలో కలిపి తాగించడమంటే చంపడమే. 'ప్రొటీన్ బూస్టర్' అని ఆకర్షణీయంగా పేరు పెట్టిన పొడిలో యూరియా ఉందా లేదా అనేది కొన్నవాడికి తెలియాలి కదా.

తొందరగా లావెక్కించాలని ధాన్యం ఒక్కసారిగా పెంచితే ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. కానీ ఊళ్లో చెప్పేవాళ్లు తక్కువ. పొట్టలో పులుపు పెరిగి యాట పడిపోతుంది. చిటుకు రోగం మందలో బక్క పిల్లను వదిలి, బాగా తిని బాగా పెరిగిన పిల్లనే పట్టుకుంటుంది. రాత్రి గంతులేసింది పొద్దున కాళ్లు చాచి పడి ఉంటుంది. టీకా వేయించకుండా దాణా పెంచడం అంటే ఆ రోగాన్ని పిలిచి కూర్చోబెట్టడమే. ఇక తవుడు, మొక్కజొన్న ఎక్కువై సున్నం తక్కువైన పొట్టేళ్లకు ఉచ్చ కట్టుకుంటుంది. ఫాస్ఫరస్‌కు రెండింతలు కాల్షియం ఉండాలని, దాణాలో కొంచెం సున్నపురాయి పొడి, ఉప్పు, ముందు ఎప్పుడూ శుభ్రమైన నీళ్లు ఉంటే చాలావరకు ఈ బాధ రాదని ఎవరు చెప్తారు? సున్నపురాయి పొడి చాలా చవక. అందుకేనేమో దాని గురించి చెప్పడానికి ఏ ఏజెంటూ మా షెడ్డు మెట్లెక్కడు. ఈ పని శాఖ చేయవలసిందే.

మాంసం నాణ్యత విషయానికి వస్తాను. ఈ మధ్య 'మీట్ క్వాలిటీ' అని రాసిన ప్యాకెట్లు కూడా వచ్చాయి. విటమిన్ ఈ నిజంగా పనిచేస్తుంది. కోతకు ముందు కొన్ని వారాలు తగిన మోతాదులో పెడితే మాంసం ఎర్రదనం ఎక్కువ సేపు నిలుస్తుంది, కొవ్వు తొందరగా ముక్కదు. అయితే ఆ లాభం ఎవరికి? మాంసాన్ని చల్లబరిచి, ప్యాకు చేసి, నాలుగైదు రోజులు అద్దాల ఫ్రిజ్జులో పెట్టి అమ్మేవాళ్లకు. మన నగరంలో ఎక్కువ మటన్ తెల్లవారుజామున కోసి మధ్యాహ్నానికల్లా అమ్ముడుపోయేదే. ఆ షాపుకు పోయే యాటకు ఖరీదైన విటమిన్ పొడి పెట్టి రైతుకు వచ్చేది ఏమీ లేదు. పచ్చి మేత దండిగా తిన్న యాటలో ఆ విటమిన్ ఎలాగూ ఉంటుంది. అవిసె గింజలు పెడితే కొవ్వులో ఒమేగా 3 పాలు కొంత పెరుగుతుంది, అది కూడా నిజమే. అడిగి, ఎక్కువ ధర ఇచ్చి కొనే గిరాకీ ఉన్నప్పుడు పెట్టొచ్చు. చెంగిచర్లలో జాతీయ మాంస పరిశోధన సంస్థ మన ఊళ్లోనే ఉంది. డెక్కనీ, నెల్లూరు జాతి గొర్రెపిల్లల మీద, మన మేతతో, మన దగ్గర అమ్మే పద్ధతికి ఏ సప్లిమెంటు ఎంత పైసలు తిరిగి ఇస్తుందో వాళ్లతో కలిసి మీరు తేల్చి తెలుగులో అచ్చు వేస్తే మాకు అంతకన్నా ఏం కావాలి?

సీసాలో దొరకని నాణ్యత ఇంకొకటుంది. దూరం నుంచి నిలబెట్టి, నీళ్లివ్వకుండా తెచ్చి, దింపీ దింపగానే కోసిన యాట కండలో శక్తి నిల్వ అయిపోయి ఉంటుంది. కోశాక మాంసంలో మామూలుగా రావలసిన పులుపు అందులో సరిగ్గా రాదు, నల్లగా, జిగటగా ఉంటుంది, తొందరగా పాడవుతుంది. నెలల తరబడి మంచి దాణా పెట్టిన ఫలితం ఒక్క రాత్రి ప్రయాణంలో పోతుంది. మండీల దగ్గర నీడ, నీటి తొట్లు, దింపిన తర్వాత కాసేపు పడుకోవడానికి జాగా ఉంటే హైదరాబాద్ తినే మటన్‌కు అంతకు మించిన సప్లిమెంటు లేదు. లైవ్ తూకం మీద అమ్మకం జరిగే చోట ముందు రోజు ఉప్పు నాకించి నీళ్లు తాగించే అలవాటు కూడా ఉంది. కొనేవాడు నీళ్లకు మాంసం ధర ఇస్తున్నాడు, నిజాయితీగా మేపినవాడు తక్కువ తూగుతున్నాడు.

యాంటీబయాటిక్స్ గురించి కూడా మాట్లాడాలి. రోగమొస్తే డాక్టరు రాసిన సూది వేయించాల్సిందే. ఎదుగుదల కోసం రోజూ దాణాలో చిటికెడు కలపడం వేరు. యూరప్ దేశాలు 2006లోనే ఆ పద్ధతిని ఆపేశాయి. మన ప్రభుత్వం కూడా 2019 జులైలో కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను ఆహారం కోసం పెంచే జంతువుల్లో వాడకూడదని నిషేధించింది. కానీ పేరు లేని 'గ్రోత్' పొడిలో ఏముందో ఊళ్లో కూర్చుని మేమెలా కనిపెడతాం? ఆ మాంసం మా ఇంట్లో కూడా వండుకుంటాం. కలేజీ బలమని చిన్నపిల్లలకు ప్రత్యేకంగా వేయించి పెడతాం. రాగి పేరుకునేదీ, చాలా మందులు చేరేదీ ఆ కార్జంలోనే. సూది వేసిన తర్వాత ఎన్ని రోజులు కోతకు పంపకూడదో కూడా చీటీ మీద రాసివ్వమని మీ డాక్టర్లకు చెప్పండి. రాసిస్తే పాటించేవాళ్లం చాలామందిమి ఉన్నాం.

ఒకసారి మీలో ఎవరైనా మామూలు బట్టల్లో, నగరం చుట్టుపక్కల ఏ దాణా కొట్టుకైనా వెళ్లి "గొర్రెపిల్లలు పెరగట్లేదు, ఏమన్నా ఇవ్వండి" అని అడగండి. వయసు అడగరు, బరువు అడగరు, నట్టల మందు ఎప్పుడు తాగించారని అడగరు. డబ్బా తీసి బల్ల మీద పెడతారు. డబ్బా మీద కొమ్ములు తిరిగిన పొట్టేలు బొమ్మ, పక్కన బర్రె, దాని పక్కన కోడి, మేక. అందరికీ ఒకే మోతాదు, ఒక చెంచా. వెనక వైపు ఇంగ్లీషులో ఆవగింజంత అక్షరాలు, అందులో కొన్నింటికి అంకెలుంటాయి, కొన్నింటికి ఉండవు. కొట్టు నడిపే అతన్ని నేను తప్పు పట్టను. అతనికి కంపెనీ చెప్పిందే తెలుసు. మందైతే దానికి లైసెన్సు, తనిఖీ ఉంటాయి. ఇది 'ఫీడ్ సప్లిమెంట్' అనేసరికి ఆ చూపు దీని మీద పడదు.

ఇంకో మాట. అనుమానం వచ్చిన పొడిని పరీక్ష చేయించుకోవడానికి మాకొక చోటు చూపించండి. యూనివర్సిటీ ల్యాబులో చేస్తారని అంటారు, కానీ ఎవరికివ్వాలి, ఎంత కట్టాలి, ఎన్నాళ్లకు రిపోర్టు వస్తుంది అనేది ఊళ్లో పశువుల ఆసుపత్రి గోడ మీద రాసి ఉండాలి. రైతులు పదిమంది కలిసి ఒక పొడి పరీక్ష ఖర్చు భరించగలరు. ఫీజు కట్టడానికి మేం సిద్ధం. పసుపు కొవ్వుతో చచ్చిన ప్రతి యాటకూ పోస్టుమార్టం జరిగి, ఏ దాణా తిన్నదో రాసి, జిల్లాలో ఒకచోట పోగుపడితే ఏ పొడి ఎక్కడ ఇబ్బంది పెడుతోందో ఏడాదిలో మీకే కనిపిస్తుంది. ఇప్పుడు అవన్నీ గుంతలో పూడ్చేసి ఊరుకుంటున్నాం.

లేబుళ్ల నిబంధన మారడానికి సమయం పడుతుందని తెలుసు. అంతవరకు చేయగలిగింది ఒకటుంది. నట్టల మందు తాగించడానికి, చిటుకు రోగం టీకా వేయడానికి మీ సిబ్బంది మంద మంద దగ్గరికి వస్తారు. ఈసారి వచ్చేటప్పుడు వాళ్ల చేతికి ఒక కాగితం ఇచ్చి పంపండి. బర్రెల లవణాల పొడి, కోళ్ల దాణా గొర్రెలకు వద్దని, పిల్లలకు యూరియా వద్దని, ఉచ్చ నల్లగా కనిపిస్తే ఆ రోజే దాణా ఆపి ఈ నంబరుకు ఫోన్ చేయమని. చదువు రాని తాతలున్న ఇళ్లలో దాన్ని చదివి వినిపించమని కూడా చెప్పండి. ఆ కాగితం ముసాయిదా రాయడానికి, ఊళ్లలో పంచడానికి మావైపు పెంపకందార్లం వచ్చి కూర్చుంటాం. ఎప్పుడు రమ్మంటారో కబురు చేయండి.

ఇట్లు,
ఇబ్రహీంపట్నం వైపు గొర్రెల పెంపకందారుడు